ఇస్త్రీ పెట్టెకు రెండు విశ్రాంతి దినాలు

నేను ఒక ఇస్త్రీ పెట్టెను. కరెంటు తీగను తోకలా వేలాడేసుకుని తిరిగే ఈ కాలపు పెట్టెను కాను, కడుపులో నిప్పులు పోసుకుని బతికిన బొగ్గుల పెట్టెను. ఇత్తడి ఒళ్లు, టేకు పిడి, మూతకు ఒక కొక్కెం, రెండు పక్కలా పొగ పోయే కన్నాలు. ఆ కన్నాల్లోంచే లోకాన్ని చూశాను. చూసిందంతా చెబితే మీకు విసుగొస్తుంది గనుక, ఏ రోజు పని మానెయ్యాలా అని మనుషులు కొట్టుకుంటే మధ్యలో నేనెలా బాగుపడ్డానో ఆ ఒక్కటే చెబుతాను.

పుట్టింది గుంటూరులో, ఇత్తడి పోతపనివాళ్ల కొట్టంలో. మట్టి అచ్చులో కరిగిన ఇత్తడి పోశారు, చల్లారాక అచ్చు పగలగొట్టి నన్ను బయటికి తీశారు. నా అడుగు నున్నగా వచ్చేదాకా రుద్దిన ముసలాయన నన్ను తిప్పి చూసి, "మూడు తరాలు కాలినా దీనికేం కాదురా" అన్నాడు. మెచ్చుకున్నాడని మురిసిపోయాను. కాలేది నేనేనని అప్పటికి తట్టలేదు.

నన్ను మొదట కొన్నది లాండ్రీ వీరాస్వామి. మంచివాడే గానీ, పని మానడమంటే ఆయనకు ఒంట్లో బాగోలేనట్టు ఉండేది. ఏడాదికి ఒక్కసారి, దసరాకు, నన్ను కడిగి పసుపు రాసి బొట్టు పెట్టి పీట మీద కూర్చోబెట్టేవాడు. ఆ ఒక్కపూట నా కడుపు చల్లగా ఉండేది. మర్నాడు తెల్లారకముందే మళ్లీ బొగ్గులు. లాండ్రీకి కరెంటు పెట్టె వచ్చాక, తన దగ్గర పనిచేసే గమలియేలుకు నన్ను పెళ్లి కానుకగా ఇచ్చేశాడు. "దీంతో బతుకు పోరా అబ్బాయ్" అన్నాడు. అలా నేను బాపట్ల దిక్కున నల్లకాలవ పేటకు వచ్చి పడ్డాను.

ఆ పెళ్లిలోనే ఉంది అసలు తిరకాసు. గమలియేలువాళ్లది ఆదివారం సంఘం. ప్రభువు సమాధిని గెలిచి లేచింది ఆదివారం గనుక ఆరాధనకు అదే దినమని వాళ్లంటారు. పెళ్లికూతురు కెజియమ్మ పుట్టింటివాళ్లది శనివారం సంఘం. దేవుడు లోకాన్ని చేసి విశ్రమించింది ఏడో రోజు, ఏడో రోజంటే శనివారం, ఆయన పెట్టిన ఆజ్ఞను మార్చడానికి మనమెవరమని వీళ్లంటారు. శుక్రవారం పొద్దు గూకితే మళ్లీ శనివారం పొద్దు గూకేదాకా వీళ్లు ఏ పనీ ముట్టరు. నాకైతే రెండు మాటలూ సబబుగానే తోచాయి. నన్నెవరూ అడగలేదనుకోండి.

పెద్దలు కూర్చుని, అరిచి, అలిసి, చివరికి రెండు పక్షాలకూ దూరంగా గురువారం నాడు పెళ్లి చేశారు. ఏడాది తిరిగేసరికి అమ్మాయి మనవైపు వచ్చేస్తుందిలే అని మగపెళ్లివాళ్లూ, అల్లుడు మారిపోతాడులే అని ఆడపెళ్లివాళ్లూ లోపల లోపల నవ్వుకుంటూ భోంచేశారు. ఏళ్లు గడిచాయి. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

వాళ్ల ఒంటిగది ఇల్లు చర్చి పక్కనే, సమాధుల తోట గోడకు ఆనుకుని ఉంది. కిటికీ తీస్తే తోటే. గమలియేలు తల్లి సమాధి కిటికీలోంచి కనబడుతుంది. వాకిట్లో ఇస్త్రీ బండి, దాని మీద నేను. శనివారం కెజియమ్మ తెల్లచీర కట్టుకుని నడిచి తన సంఘానికి వెళ్లిపోయేది. ఆ రోజంతా గమలియేలు ఒక్కడే నాతో కుస్తీ పట్టేవాడు. పేటంతా ఆదివారం గుడికి వేసుకోవాల్సిన బట్టలు శనివారమే తెచ్చి పడేస్తారు మరి! భుజం లాగేస్తున్నా "నా పెళ్లాం దినం, దాన్ని పిలవను" అని పళ్లు బిగించి తోసేవాడు. ఆ మాటకు నాకే ముద్దొచ్చేవాడు.

ఆదివారం తెల్లవారుజామున మిగిలినవి కెజియమ్మ చేసేది. ఆమెకు అది పనిరోజే. "ఒక్క చీరేనమ్మా, చిటికెలో అయిపోద్ది" అంటూ అప్పటికప్పుడు పరిగెత్తుకొచ్చేవాళ్లు కూడా ఉండేవాళ్లు. వాటిని ఇల్లిల్లూ తిరిగి గమలియేలు అందించాలి. అందరి బట్టలూ అందరి ఒంటి మీదికి చేరాక, చెమటా బొగ్గువాసనా కడుక్కుని అతను చర్చికి వెళ్లేసరికి పాటలు అయిపోయేవి. చెప్పులు విడిచేచోట నిలబడి వినేవాడు. ఆదివారమే దేవుడి దినమని పేటలో అందరికంటే గట్టిగా నమ్మిన మనిషికి ఆదివారం లేకుండా పోయింది. ఆ సంగతి కెజియమ్మ చూస్తూనే ఉండేది.

ఒక ఆదివారం ఆరాధన కాగానే చర్చి పాస్టరు ఎలీషా అయ్యగారూ, సంఘపెద్ద సుగుణావతి టీచరమ్మా బండి దగ్గరికొచ్చారు. టీచరమ్మ చీర మీద నా వేడి ఇంకా ఆరలేదు.

"గమలియేలూ, ప్రభువు దినాన చర్చి గుమ్మంలో నీ భార్య నిప్పులు రాజేసుకుని కూర్చుంటోంది. నలుగురూ నవ్వుతున్నారయ్యా. సంఘానికి పరువుందా లేదా?" అంది టీచరమ్మ.

పొద్దున్నే ఆ చీర పంపింది మీరే కదమ్మా అనబోయి గమలియేలు మింగేశాడు. నేనైతే అనేసేదాన్ని.

అయ్యగారు మెత్తటి మనిషి. కానీ పెద్దల మాట కాదనలేడు. "ఈస్టరు లోపల ఇది ఆగాలి నాయనా. లేకపోతే ప్రభువు బల్ల దగ్గర నీకు రొట్టె, ద్రాక్షరసం ఉండవు, సభ్యత్వమూ ఉండదు" అన్నాడు నేల చూపులు చూస్తూ. సభ్యత్వం పోతే సమాధుల తోటలో చోటు కూడా పోతుంది. గమలియేలు గోడవైపు చూశాడు. ఏడుపు ఆపుకోవడానికి నా కన్నాల్లోకి ఊదుతున్నట్టు నటించాడు. నిప్పులు అప్పటికే బాగా రాజుకుని ఉన్నాయి, పాపం.

అటుపక్క కూడా అంతే. ఈస్టరు ఇంకా వారం ఉందనగా, శనివారం కెజియమ్మ మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. వాళ్ల సీలయ్య పాస్టరుగారు గట్టిగానే అన్నాడట. ఆజ్ఞ నీ ఒక్కదానికేనా, ఇంట్లోవాళ్లకీ పనివాళ్లకీ గొడ్డూగోదకీ కూడా కదా, నీ బండి మీద శనివారం పని నడుస్తుంటే నువ్వొచ్చి ఇక్కడ కూర్చుని ఏం లాభమని. గొడ్డూగోదకీ విశ్రాంతి ఉందని నాకు తెలిసింది అప్పుడే. ఇస్త్రీ పెట్టె పేరేమైనా వస్తుందేమోనని చెవులు రిక్కించాను. రాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ వాకిట్లో కూర్చున్నారు.

"నేను మారిపోతాలేవే. నీ శనివారం గుడికే వస్తా. గొడవొదిలిద్ది" అన్నాడు గమలియేలు.

"మీయమ్మ ఆ గోడవతల ఉంటే నువ్వేడికి మారతావయ్యా? అయినా నమ్మకం లేకుండా నాకోసం వస్తే, ఆ రాక నాకొద్దు. దేవుడికీ వద్దు."

"మరేం చేద్దామంటావ్?"

"రెండు రోజులూ మూసేద్దాం."

గమలియేలు ఉలిక్కిపడ్డాడు. "నీకేమన్నా పిచ్చా? ఆ రెండు రోజులేగా మనకి కూడు పెట్టేది! జనం టౌనులో లాండ్రీకి పోతే మళ్లీ వస్తారా?"

"గురువారానికల్లా బట్టలియ్యమందాం. శుక్రవారం పొద్దు గూకేలోపల చేసిచ్చేద్దాం. ఏ రోజు ఇస్త్రీ చేశామో బట్టకి తెలుసుద్దా ఏంది?"

నాకు నోరుంటే అక్కడే కేక వేసేదాన్ని. వారానికి రెండు రోజులు! దసరా ఒక్కపూటకే పొంగిపోయిన ప్రాణం నాది.

మర్నాటి నుంచి గమలియేలు ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. అందరూ తలూపారు, ఒక్కరూ నమ్మలేదు. ఈస్టరు ముందు రోజు ఇస్త్రీ మానేస్తారా, మాటవరసకు అంటున్నారులే అనుకున్నారు. ఆ పండుగకు పేటంతా తెల్లబట్టలు కట్టుకుని, ఇంకా చీకటుండగానే సమాధుల తోటకు వెళ్తుంది. కొవ్వొత్తులు వెలిగించి, సూర్యుడు పైకొచ్చేదాకా ఆరాధన చేస్తుంది. ఆ తెల్లబట్టలన్నీ ఏటా శనివారమే నా కిందికి వస్తాయి.

ఈసారి గురువారం బండి మీదికి వచ్చినవి రెండు మూడు దుప్పట్లు. శుక్రవారం అందరూ సిలువ ధ్యానాల్లో ఉన్నారు. పొద్దు వాలుతుండగా కెజియమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి గమలియేలు తెల్లచొక్కా తీసి, నీళ్లు చిలకరించి, కాలరు దగ్గర్నుంచి చేతుల చివర్ల దాకా ఎంతో శ్రద్ధగా తోసింది. అన్నేళ్లలో ఊరందరి చొక్కాలూ మడతపెట్టిన ఆ ఇంట్లో అతని చొక్కాకు తీరిక దొరకడం నేను చూడలేదు. తర్వాత నా కడుపులో బూడిద దులిపేసి, తుడిచి, నన్ను తీసుకెళ్లి కిటికీలో పెట్టింది.

శనివారం తెల్లారేసరికి మూటలతో జనం. తలుపు దగ్గర నిలబడి గమలియేలు అందరికీ దణ్ణం పెట్టి వెనక్కి పంపాడు. కొందరు తిట్టుకుంటూ టౌనుకు పరిగెత్తారు. పండుగ ముందు అక్కడ మాత్రం ఖాళీగా ఉంటుందా? సోమవారం రమ్మని పంపేశారట. అప్పట్లో పేటలో సగం ఇళ్లకు కరెంటే లేదు, కరెంటు ఇస్త్రీ పెట్టె మాట దేవుడెరుగు.

కెజియమ్మ గుడి నుంచి వచ్చాక, పొద్దు వాలేవేళకు టీచరమ్మే స్వయంగా మూటతో వచ్చింది.

"ఏమ్మా, నీ శనివారం పట్టింపు మా నెత్తిన రుద్దుతావా?"

కెజియమ్మ చాప పరిచింది. "కూర్చోండి టీచరమ్మా. నా దినాన్ని ఈయన ఇన్నేళ్లు ఒంటిచేత్తో కాపాడాడు. ఈయన దినాన్ని నేను కాపాడకపోతే నేనేం పెళ్లాన్నండీ?"

"అంటే ఆదివారమే సరైందని ఒప్పుకున్నట్టేగా?" టీచరమ్మ కళ్లు మెరిశాయి.

"లేదండీ. శనివారమే. కానీ ఈయన మంచోడు."

టీచరమ్మ మూటను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "పోనీ ఇంకాసేపట్లో పొద్దు గూకుతుంది. అప్పుడన్నా ఒక్క చీర?" అంది బతిమాలుతున్నట్టుగా.

"పొద్దు గూకితే ఈయనకి తలంటు పొయ్యాలండీ. రేపు పెందలాడే గుడికి పోవాలిగా!"

మూట మూటలాగే వెళ్లిపోయింది. ఆమె గుమ్మం దాటగానే గమలియేలు తల పట్టుకుని కూలబడ్డాడు. "అయిపోయిందే. పేటలో ఇక మన గడప ఎవరూ తొక్కరు" అన్నాడు. కెజియమ్మ చాప చుట్టి మూలన పెట్టింది. నీళ్లు కాగాయో లేదో చూడటానికి లేచింది. ధైర్యంగా కనబడింది గానీ, చెంబు రెండుసార్లు చేతిలోంచి జారింది.

మర్నాడు చీకట్లోనే సమాధుల తోట నిండిపోయింది. కొవ్వొత్తుల వెలుగులో అందరూ తెల్లగా, అందంగానే కనిపించారు. కెజియమ్మ కూడా భర్త పక్కన వెళ్లి నిలబడింది. ఆమెకు ఆదివారం పనిరోజే, పని మానుకుంది గనుక ఖాళీయే కదా! పాటల మధ్య తూర్పు తెల్లబడింది. తర్వాత సూర్యుడు రానే వచ్చాడు.

ఏం చెప్పమంటారు! గంజి పెట్టి ఆరేసిన నూలుబట్ట ఇస్త్రీ లేకపోతే కాల్చిన అప్పడంలా ఉంటుంది. తోట నిండా అప్పడాలే. పంచెలు అడ్డదిడ్డంగా నిలబడ్డాయి. టీచరమ్మ చీర కుచ్చిళ్లు ఒక్కటీ ఆమె మాట వినలేదు. అయ్యగారి తెల్లంగీ ఒక పక్క మోకాలి దాకా లేచిపోయింది. పాడుతున్నవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఎవరో చిన్నపిల్ల కిసుక్కుమంది. ఆ తర్వాత నవ్వు ఆగలేదు. సమాధుల మధ్య, ఈస్టరు పూట, సంఘం సంఘమంతా కడుపులు పట్టుకుని నవ్వింది.

ఆ ముడతల మధ్యలో ఒకే ఒక్క చొక్కా కత్తిమడతతో నిలబడి ఉంది. గమలియేలుది.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని అయ్యగారు తన అంగీ చూసుకున్నాడు, ఆ చొక్కా చూశాడు. మెల్లగా ముఖం మారింది. ఏటా ఆ తెల్లంగీ చేసి తెచ్చిచ్చే మనిషి ఆరాధన మొదట్నుంచీ ఉండటం తానెన్నడూ చూడలేదని అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"గమలియేలూ, ఇట్టా రా నాయనా. ఈ పూట వాక్యం నువ్వు చదువు. మనలో ఒక్కరైనా చూడ్డానికి బాగుండాలి గదా!"

గమలియేలు చదివింది అయిదో తరగతి. తల్లి సమాధి పక్కగా ముందుకొచ్చి నిలబడి, కూడబలుక్కుంటూ, వేలు పెట్టుకుని చదివాడు. రెండుచోట్ల వరస తప్పి వెతుక్కున్నాడు. అందరూ ఆగారు. చెప్పులు విడిచేచోట నుంచి అక్కడికి దూరం ఎంతో ఉండదు. అతనికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది. కెజియమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు కన్నీళ్లు రావు గానీ, వస్తే ఆ రోజు చిలుము పట్టేదాన్ని.

సభ్యత్వం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాతి గురువారం అందరికంటే ముందు మూట పట్టుకొచ్చింది టీచరమ్మ. వెనకాలే అయ్యగారి అంగీ, ఆ వెనకాల పేట. శనివారం బండి మూతపడి ఉండటం చూసి సీలయ్య పాస్టరుగారు కూడా తన కోటు పంపడం మొదలుపెట్టాడు. పని తగ్గలేదు సరికదా, శుక్రవారం నా కడుపు మాడిపోయేది. అయినా పొద్దు గూకేది. కెజియమ్మ బూడిద దులిపేది. రెండు రోజులు కిటికీలో చల్లగాలికి కూర్చునేదాన్ని. ఏది సరైన దినమని మనుషులు తగువులాడుకున్నారు, రెండూ నాకు దక్కాయి.

ఇప్పుడు బండి మీద కరెంటు పెట్టె వచ్చింది. వారానికి రెండు సెలవులు దానికి పుట్టుకతో వచ్చిన హక్కనుకుంటోంది పిచ్చిది. నేను కిటికీలోనే ఉంటాను. ముసలాళ్లిద్దరూ శనివారం కలిసి ఒక గుడికి, ఆదివారం కలిసి ఇంకో గుడికి వెళ్తారు. ఏది అసలు దినమో ఇంకా తేల్చుకోలేదు. సోమవారం పనిలో పడ్డాక మాత్రం మొదలుపెడతారు.

"ఎప్పటికన్నా ఒప్పుకుంటావా లేదా?" అన్నాడు గమలియేలు మొన్న, చీర మడత పెడుతూ.

"పరలోకంలో దేవుణ్ణే అడుగుదాంలే. ఆయన శనివారమంటే నువ్వు నాకు దణ్ణం పెట్టాలి."

"ఆదివారమంటే?"

"అంటే, నీకు చొక్కా ఇస్త్రీ చేసి పెడతా. ముందు వరసలో కూర్చుందువుగాని" అంది కెజియమ్మ.