పదకొండు మందికి ఒక నియమం, జయశీలకు ఒకటి

యూనివర్సిటీ గుమాస్తా రంగనాయకులు జయశీల దరఖాస్తును కిటికీలోంచి వెనక్కి తోశాడు.

"మూడేండ్ల ఫీజూ ఒక్కసారే కట్టాలమ్మా. తొమ్మిది వందలు. పదిదినాలు గడువు."

"ఏటా మూడు వందలని కదా నోటీసులో ఉండేది?" అంది జయశీల.

"అది వేరేవాళ్లకి. నీ సంగతి పైనుంచి చెప్పినారు."

అతని ముందు రిజిస్టరు తెరిచే ఉంది. ఆ ఏడు న్యాయశాస్త్రంలో డాక్టరేటుకు చేరినవాళ్లు పదకొండు మంది. తండ్రి వృత్తి అన్న గడిలో భూస్వామి, వకీలు, భూస్వామి, జిల్లా జడ్జి, కంట్రాక్టరు. కూలి అన్న మాట లేదు. ఆడపేరు ఒక్కటీ లేదు. అందరికీ ఏటేటా కట్టే వెసులుబాటు రాసి ఉంది. ఏడో పేరు పద్మనాభయ్య మేనల్లుడిది.

జయశీలకు సంగతి తెలిసిపోయింది. కోవూరుకు తూర్పున సముద్రం దాకా పొలాలున్న ఆసామి పద్మనాభయ్య. యూనివర్సిటీ పాలకవర్గంలో సభ్యుడు. జయశీల వాళ్ల పాలెం కూలీలు తాతల నాటి నుంచి సాగుచేసుకుంటున్న ప్రభుత్వ బంజరుకు కంచె వేసి సరుగుడు నాటించాడు. ఆ బంజరు మీద కూలీలకున్న హక్కే జయశీల ఎంచుకున్న పరిశోధన. క్రైస్తవురాలు కాబట్టి హరిజన విద్యార్థులకిచ్చే స్కాలర్‌షిప్పు కూడా ఆమెకు రాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాలెమంతా చర్చి ముందు కూర్చుంది.

"తలా ఐదు రూపాయలేసుకుందాం" అన్నాడు సమాధానం అనే సంఘపెద్ద.

"మూడుదినాల కూలబ్బా అది! ఒకదాని సదువుకి నా పిల్లకాయల్ని పస్తుపెట్టాల్నా?" మునెయ్య గట్టిగా అరిచాడు.

జయశీల లేచింది. "మునెయ్యన్న చెప్పింది నిజం. ఎవరూ పైసా ఇయ్యొద్దు. ఇస్తే రేపొచ్చే పిల్లని రెండింతలు అడుగుతారు. మొదటేటికి నేను దాచుకున్న దుడ్లుండాయి. వాళ్లకుండే నియమం మనకెందుకు లేదో అడుగుదాం. పద్మనాభయ్య వినేదాకా ఆయన పొలంలో నాటు వెయ్యొద్దు."

ఆమె తల్లి మగ్దలీనమ్మ కూతురి చెయ్యి పట్టి కిందికి లాగింది. "కంచె పీకిన పోలేరయ్య ఏమైనాడో మర్చిపోతివా మే?"

పోయినేడు పోలేరయ్య శవం సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పోలీసులు కేసైనా రాసుకోలేదు.

మునెయ్య పెళ్లాం ఆదిశేషమ్మ కొంగు దోపుకుంటూ లేచింది. "నేను రేపు నాటుకి పోను."

ఆమె వెనక ఇంకొకతె లేచింది. ఆపైన లెక్కపెట్టడం ఎవరి తరమూ కాలేదు.

పద్మనాభయ్య మొలగొలుకుల వరి నారు మళ్లలోనే ముదరసాగింది. రెండోరోజు అంగడివాడు పాలేనికి బియ్యం అమ్మనన్నాడు. మూడోరోజు నుంచి ఎవరో తెలియని మనుషులు సైకిళ్ల మీద వచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా ఇళ్లకేసి చూసి పోతున్నారు. ఐదోరోజు పోలీసు జీపు వచ్చింది.

"డాక్టరువి కావాలంటివే, రా" అని సబ్ ఇన్‌స్పెక్టరు జయశీల రెక్క పట్టుకున్నాడు. కూలీల్ని రెచ్చగొట్టిందని నేరం. మగ్దలీనమ్మ జీపు వెంట కాలువ దాకా పరుగెత్తి, దుమ్ములో కూలబడింది. మళ్లీ లేచేసరికి ఆమె ముఖంలో భయం లేదు.

గడువు చివరిరోజు నలభై మంది ఆడకూలీలు టిక్కెట్లు లేకుండా రైలెక్కి వచ్చి, యూనివర్సిటీ కిటికీ ముందు నిలబడ్డారు.

"అమ్మాయి యాడ?" అన్నాడు రంగనాయకులు.

"జైల్లో ఉండాది. ఇవి మూడు వందలు. అందరికీ రాసినట్టే నా బిడ్డకీ రాయి" అంది మగ్దలీనమ్మ.

"అరెస్టయినామెను ఎట్లా చేర్చుకునేది? నా ఉజ్జోగం పోతుంది తల్లీ!" అతను కిటికీ మూసేశాడు.

వాళ్లు అక్కడే బైఠాయించారు. హాస్టలు విద్యార్థులు మొదట దూరం నుంచి చూశారు. ఒకడు వచ్చి అడిగాడు. మగ్దలీనమ్మ అంతా చెప్పింది. పోలేరయ్య చావు కూడా చెప్పింది. సాయంత్రానికి రెండు వందల మంది విద్యార్థులు వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నారు. జాబితాలో ఉన్న పదకొండు మందిలో ఒక్కడూ రాలేదు.

గేటు దగ్గర మూడు పోలీసు లారీలు ఆగాయి.

"పది నిమిషాలు టైమిస్తున్నా. లేచి వెళ్లిపోండి!" అని లారీ దిగిన పోలీసు అధికారి అరిచాడు.

మగ్దలీనమ్మ తన కొంగును ఆదిశేషమ్మ కొంగుకు ముడేసింది. ఆదిశేషమ్మ తన పక్కనున్నామె చెయ్యి గట్టిగా పట్టుకుంది. విద్యార్థులు ఆడవాళ్ల చుట్టూ వలయంగా సర్దుకున్నారు.

లాఠీలు కిందికి దిగాయి. కూర్చున్నవాళ్లలో ఒక్కరూ లేవలేదు.