నాలుగు కొక్కేల విరామం

రంగుల దుకాణం మీది గదిలో వారానికి రెండు సాయంత్రాలు గాయక బృందం సాధన చేసేది. వాళ్లకు పియానో వాయించే అమ్మాయికి నత్తి. పాడితే మాత్రం ఒక్క అక్షరం తడబడదు. "అయితే మాట్లాడాల్సినవి కూడా పాడేయొచ్చుగా" అని కొత్తగా చేరినవాళ్లంతా అదేదో తామే కనిపెట్టినట్టు సలహా ఇచ్చేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

వాళ్లమ్మ కూడా ఆ బృందంలోనే పాడుతుంది. కూతురు మాట మధ్యలో ఆగిందంటే చాలు, ఆవిడ అందుకుని పూర్తి చేసేస్తుంది. దుకాణంలో, బస్సులో, ఆఖరికి డాక్టరు దగ్గర కూడా. తలనొప్పని వెళ్లిన పిల్లకి కడుపునొప్పి మందు ఇప్పించి తీసుకొచ్చిన రోజు కూడా ఉంది. అంతా ప్రేమతోనే.

ఆ ఏడు వార్షికోత్సవానికి పాట రాయమని, బృందాన్ని నడిపించే మాస్టారు ఈ అమ్మాయికే అప్పజెప్పారు. రాసింది. స్వరాల కాగితాలు పంచగానే, బృందంలో అందరికంటే బొంగురు గొంతు ఉన్న మెకానిక్ కళ్లజోడు పైకి తోసుకుని, "ఈ చేపముల్లేంటి?" అన్నాడు.

వాలుగా ఒక గీత, దాని పక్కన నాలుగు చిన్న కొక్కేలు. స్వరలిపిలో దాని పేరు అరవై నాలుగో వంతు విరామం. కన్ను మూసి తెరిచేలోపే అయిపోయే మౌనం. అలాంటివి పాట నిండా ఉన్నాయి, మాటకీ మాటకీ నడుమ కాదు, అక్షరానికీ అక్షరానికీ నడుమ.

మొదటి సాధన రసాభాస అయింది. సగం మంది ఆగితే సగం మంది దాటేశారు. అందరికంటే ముందు దూకింది వాళ్లమ్మే.

"ఇవి తీసేద్దామమ్మా," అన్నారు మాస్టారు. "మూడో వరుస దాటితే ఎవరికీ వినబడవు. వినబడితే తప్పు పాడామనుకుంటారు."

"తీ... తీయను."

"నీ మంచికే చెప్తున్నా."

"తీయనండీ."

తర్వాతి సాధనకి వచ్చేసరికి అన్ని కాగితాల మీదా ఆ కొక్కేలకు మాస్టారు తెల్లరంగు పూసేసి ఉంచారు. ఆమె బల్ల మీద కూర్చుని, ఎండిన పూత మీద పెన్నుతో ఒక్కొక్కటీ మళ్లీ గీయడం మొదలుపెట్టింది. అందరూ నిలబడి చూస్తున్నారు. మాస్టారి మొహం మాడిపోయింది.

"పోనీలేవే, పెద్దాయన చెప్తున్నారుగా," అంది వాళ్లమ్మ. "మాస్టారూ, దీని ఉద్దేశం ఏంటంటేనండీ..."

ఆమె లేచి నిలబడింది. "న... న..."

"నచ్చలేదంటోందండీ," అంది అమ్మ.

"కాదు. న... నన్ను చెప్పనీ."

ఆమె కాగితం ఎత్తి కొక్కేలు అందరికీ చూపించింది.

"నే... నేను మాట్లాడేటప్పుడు ఆగే చోట్లే ఇవి. అ... అక్కడ నా మాట పోలేదు. వ... వస్తోంది. అందాకా ఆగలేక మీరంతా పూ... పూడ్చేస్తారు. ఈ పాటలో పూడ్చొద్దు. కుదరదంటే నా పా... పాట నాకిచ్చేయండి."

చెప్పడానికి చాలాసేపు పట్టింది. మాస్టారు తన కాగితం మడిచి పియానో మీద పెట్టారు. "అయితే నువ్వే నడిపించుకో. తప్పుల పాట ముందు నేను చెయ్యి ఊపను."

"స... సరే."

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "చేపముల్లు దగ్గర ఆగాలి, అంతేగా. పట్టండి, మళ్లీ మొదట్నించీ."

ఇంటికి వెళ్లగానే అమ్మ తలుపు తీసి, చెప్పులతోనే కుర్చీలో కూలబడింది.

"ఇన్నేళ్లూ నీకు అడ్డం పడ్డానంటావా?"

"అ... అవును."

"ఒక్కసారైనా చెప్పొచ్చుగా."

"చె... చెప్పబోయినప్పుడల్లా నువ్వే పూర్తి చేశావు."

అమ్మకి ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. మర్నాటి నుంచి గిన్నెలు తోముతూ, పెదవి పంటికింద నొక్కుకుని ఆ విరామాలు సాధన చేసింది.

వార్షికోత్సవం రోజున ఆ అమ్మాయి పియానో దగ్గర కూర్చుని తలతోనే సైగ చేస్తూ పాట నడిపించింది. పాట తడబడింది, తడబడిన చోటే నిలబడింది, మళ్లీ నడిచింది. రెండో వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వేగం పెంచలేదు. ఒకచోట అమ్మ గొంతు ముందుకు దూకబోయి, అంచుదాకా వచ్చి ఆగింది. చప్పట్లు ఓ మాదిరిగా పడ్డాయి.

మెట్ల దగ్గర మాస్టారు ఎదురయ్యారు. "చెప్పానా? తప్పు పాడామనే అనుకున్నారు."

"అ... అనుకోనివ్వండి."

ఆయన పక్కకి జరిగి దారిచ్చారు. "పై ఏటికి మళ్లీ నువ్వే రాయి. కాస్త సులువైనది."

"రా... రాస్తాను. సు..."

ఆయన గడియారం చూసుకున్నారు. విసుగ్గానే అయినా, ఆగారు.

"సు... సులువుగా మాత్రం రాయను," అని ఆమె కాగితాల కట్ట చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.