గుమ్మం బయట దగ్గు

హవానాలో మేము చుట్టలు చుట్టే హాలులో ఎత్తు పీట మీద కూర్చుని లియోన్సియో గారు మాకు చదివి వినిపించేవారు. పొద్దున పేపరు, భోజనాలయ్యాక నవల. నచ్చితే ఆకు కోసే చాకులతో బల్ల మీద టకటకా కొట్టేవాళ్ళం. నచ్చకపోతే చాకు నేల మీద పడేసేవాళ్ళం. ఆ చప్పుడు విన్న రోజు ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఆ ఏడు ఆయన తాను రాస్తున్న నవలే మొదలుపెట్టారు. అందులో ఒకడు స్పాంజీలు ఏరడానికి సముద్రం మీదికి వెళ్తాడు. మా ఆయన నికనోర్ కూడా బతబానో రేవు నుంచి అలాగే వెళ్ళాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు. అప్పటికి రెండేళ్ళు. ఉండబట్టలేక పీట దగ్గరికి వెళ్ళాను.

"ఆ మనిషిని ఇంటికి తీసుకురండి, లియోన్సియో గారూ. మీ కలానిదేం పోయింది?"

"రానంటున్నాడమ్మా ఎదువీ! నాలుగు రోజులుగా తలుపు తీసి కూర్చున్నా. ఒంటికాయ సొంటికొమ్ముని, మొగుడు ఇంటికెలా వస్తాడో నాకేం తెలుసు?"

పక్క బల్ల బాసిలియా ఊరుకుంటుందా! ముగ్గురు మొగుళ్ళను సాగనంపిన మనిషి.

"చెప్పవే. నీ మొగుడి ముచ్చట్లు విని విని మా చెవులు చిల్లులు పడ్డాయిగా!"

చెప్పాను. తలుపు తట్టడు, గుమ్మం బయట ఒక్కసారి దగ్గుతాడు. చెప్పుల్లో ఇసుక దులుపుకుంటాడు. పొయ్యి మీద గిన్నె కనిపిస్తున్నా, "కాఫీ ఉందా, వెళ్ళిపోనా?" అంటాడు.

మర్నాడు చదివారు. గుమ్మం బయట దగ్గు. నా చేతిలో ఆకు ఆగిపోయింది. ఇసుక దులిపాడు. నికనోరే, సందేహం లేదు. లోపలికొచ్చి కాఫీ అడిగాడు. అడిగింది ఆ కథలోని నల్లకళ్ళ ఆవిడను. ఆవిడ నవ్వుతూ పోసిచ్చింది.

నా చాకు జారి నేల మీద పడింది.

లియోన్సియో గారి ముఖం వాడిపోయింది. సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఎక్కడ తప్పు రాశానమ్మా?"

"ఎక్కడా లేదండీ. అచ్చం అలాగే వచ్చాడు. వేరే ఇంటికి వచ్చాడు, అంతే."

"ఆవిడకు నీ పేరు పెట్టేయనా?"

"పేరు మారిస్తే కాఫీ పోసేది నేనవుతానా?"

ఆయన టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డారు. రాసేవాళ్ళకు ఆశ చావదు కదా, గొంతు తగ్గించి అడిగారు.

"ఇంకొక్కటి చెప్పవూ? అతను ఎలా నవ్వేవాడు?"

నాకు ఏదీ మరపు రాదని ఆ హాలులో అందరికీ తెలుసు. బాసిలియా పని ఆపి నా వైపే చూస్తోంది.

"గుర్తు లేదండీ" అన్నాను.