మందం పలక

మజహర్ చిత్రికను ఆపి, పలకను వెలుతురుకెత్తి చూశాడు. అంచు దగ్గర ఇంకా మందంగానే ఉంది. మళ్లీ చిత్రిక పట్టాడు. గుమ్మడిటేకు పొరలు లేచి నెరిసిన గడ్డంలో, మోకాళ్ల మీద పడుతున్నాయి. వేలి కణుపుతో తట్టి విన్నాడు. మోగింది.

ఖమ్మంలోని ఖానాపురం హవేలి పేటలో ఆయనది తలుపులు, మంచాలు చేసే కొట్టు. ముప్పయ్యేళ్లలో చేసిన వాద్యం ఒక్కటే, ఏన్కూరు మంగయ్యకు చేసిన యుకులేలే, నాలుగు తీగల చిన్న గిటార్. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మంగయ్యకు ఎడమచేతి వేళ్లు రెండు గనిలోనే పోయాయి. ఆరు తీగల గిటార్ కుదరదు. నాలుగు మెత్తని నైలాన్ తీగలైతే మిగిలిన వేళ్లకు అందుతాయి. దొడ్లో కాసిన సొరబుర్రను ఎండబెట్టి తెచ్చి, "దీన్నే పొట్టగ పెట్టు భాయ్" అన్నాడు.

అప్పుడు పెళ్లిళ్ల రోజులు. మంచాల పని మీద పడి ఉంది. మజహర్ ఆ బుర్ర మీద మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్క అతికించి ఇచ్చేశాడు. మందం పలక తీగతో పాటు కదలదు. అది కదలకపోతే బుర్రలో గాలీ కదలదు. ఆ సంగతి తీగలు బిగించిన రోజే ఆయనకు తెలిసింది.

మంగయ్య వాయించి, చెవికి ఆనించుకుని మళ్లీ వాయించాడు. "బ్లాస్టింగ్ మోతకు ఉన్న చెవులు గూడ పోయినట్టున్నయ్. నీ పని మంచిగనే ఉంది భాయ్" అన్నాడు. మజహర్ తల వంచుకున్నాడు.

రెండేళ్లయింది. పోయిన వారం, భర్త దగ్గుకు మందుల కోసం ఖమ్మం వచ్చిన మంగయ్య భార్య సమ్మక్క కొట్టు ముందు ఆగింది.

"ఎవ్వలతోని మాట్లాడుతలేడు భాయ్. చెవులు పోయినయని గోడ దిక్కు తిరిగి పంటుండు."

మర్నాడే మజహర్ ఏన్కూరు వెళ్లి, తీగలు మారుస్తానని అబద్ధమాడి ఆ యుకులేలేను తెచ్చుకున్నాడు.

ప్లైవుడ్ ఊడదీసి, పలచబరిచిన టేకు పలక అతికించాడు. ఈసారి పలకకు రంధ్రం పెట్టలేదు. బుర్రకు పైపక్కన, వాయించేవాడి చెవి వైపు, నిమ్మకాయంత కోశాడు. మధ్యాహ్నానికి బంక ఆరింది. బస్సెక్కాడు.

మంగయ్య మంచం మీద లేచి కూర్చుని తీగ మీటాడు. వేలు ఆగిపోయింది. మళ్లీ మీటాడు. దగ్గు వచ్చినా ఆపలేదు.

"సమ్మక్కా, నాకు ఇనబడ్తాంది" అని పెరట్లో ఉన్న భార్యకు కేకేశాడు.

"తప్పు నీ చెవులది కాదన్నా, నాది" అన్నాడు మజహర్. "అప్పుడు మందం పలక పెట్టిన. తెలిసి గూడ చెప్పలే."

మంగయ్య వాయిస్తూనే తలెత్తాడు. "ఏందన్నవ్ భాయ్?"

అదే మాట ఇంకా గట్టిగా అనాలి. మజహర్ లేచి చెప్పులేసుకున్నాడు. "ఏం లేదన్నా. కొత్త తీగలు సాగుతయ్, మళ్ల బిగించుకో."

ఇంకోసారి వచ్చి చెబుదామనుకుంటూ బస్సులో కూర్చున్నాడు.

అయిదో రోజు పొద్దున సమ్మక్క ఫోన్ చేసింది. తెల్లారుజామున ఊపిరాడక మంగయ్య పోయాడు. మజహర్ చేరేసరికి అంత్యక్రియలు అయిపోయి జనం వెనక్కి వస్తున్నారు.

"ఈ నాలుగు దినాలు తొవ్వెంట పోయేటోళ్లనందర్ని పిలిచి ఇనిపించిండు. రెండేండ్ల మాటలన్ని మాట్లాడిండు" అంది సమ్మక్క.

"ఆ రెండేండ్లు నా పాపమే అక్కా" అని మజహర్ ప్లైవుడ్ సంగతి మొదలుకొని అంతా చెప్పాడు.

ఆమె చివరిదాకా విన్నది. లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

వాకిట్లో, మంగయ్య కూర్చుని వాయించిన చోటుకు ఎదురుగా, వచ్చేవాళ్ల కోసం ఆయన వేసిన ఎర్ర ప్లాస్టిక్ స్టూలు అలాగే ఉంది.