పట్టీ విప్పినా నూట యాభై ఒకటి

ఆదివారం ఉదయం ఆరున్నరకు సింహాచలం ఘాట్ రోడ్డు మూడో మలుపు దగ్గర వరాహమూర్తి సైకిలు దిగాడు. చొక్కాలోకి చెయ్యి పోనిచ్చి ఛాతీకి కట్టుకున్న పట్టీ విప్పాడు. పట్టీ చేతిలోకి వచ్చాక కూడా నా తెర మీద 151 అనే అంకె అలాగే ఉంది.

నేను ఒక సైకిల్ కంప్యూటర్ని. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటాను, హ్యాండిల్ మీద కూర్చుంటాను. వేగం, దూరం, ఎక్కిన ఎత్తు చెబుతాను. ఛాతీ పట్టీ పంపే గుండె లెక్క కూడా చెబుతాను. ప్రతి పట్టీకీ ఒక నంబరు ఉంటుంది. ఏ నంబరుతో జోడిస్తే ఆ పట్టీ మాటే వింటాను. ఆ పట్టీ ఎవరి ఒంటి మీద ఉందని నన్ను ఎవరూ అడగరు. అడిగినా చెప్పే నోరు నాకు లేదు.

సముద్రానికి అవతల ఒక కర్మాగారంలో నన్ను చేశారు. అక్కడ పరీక్ష కోసం ఒక యంత్రం నాకు గుండెచప్పుడు వినిపించింది. నిమిషానికి అరవై, తేడా లేకుండా. అంత సుఖం మళ్లీ దొరకలేదు. తర్వాత విశాఖపట్నంలో ఒక సైకిళ్ల షాపులో, అద్దాల బీరువాలో వానాకాలమంతా గడిపాను. వచ్చినవాళ్లు నన్ను బయటికి తీయించేవారు, తిప్పి చూసేవారు, ఫోన్లో ధర వెతుక్కుని వెళ్లిపోయేవారు.

వరాహమూర్తి విద్యుత్ సబ్‌స్టేషన్లో ఆపరేటరు. గుండెకు స్టెంట్ పడ్డాక డాక్టరు ఆయనకు రెండు షరతుల మీద సైకిలు తొక్కడానికి ఒప్పుకున్నాడు. గుండె నిమిషానికి నూట ముప్పై దాటకూడదు. ఒంటరిగా వెళ్లకూడదు. మొదటి షరతు కోసం షాపుకు వచ్చాడు, రెండో షరతు కోసం బావమరిది పైడిరాజును వెంట తెచ్చుకున్నాడు. పైడిరాజుది టిఫిన్ హోటలు. డాక్టరు గడప తొక్కి ఎరగడు.

"ఇది చూడండి సార్, మ్యాప్ ఉంటుంది, దారి చూపిస్తుంది," అన్నాడు షాపాయన.

"పుట్టి పెరిగిన ఊరు బాబూ, దారి తెలుసు. అంకె పెద్దగా కనబడేది తియ్యి."

కళ్లద్దాలు తీసేసి మమ్మల్ని ఒక్కొక్కరినీ చెయ్యి చాచి పట్టుకుని చదివాడు. మ్యాప్ ఉన్నది చదవలేకపోయాడు. రంగుల తెర ఉన్నదాన్ని ఎండలోకి తీసుకుపోయి చూశాడు, అదీ లాభం లేకపోయింది. చేతికి గడియారంలా కట్టుకునేది చూపిస్తే వద్దన్నాడు. "లోడు ఎక్కడుంటే మీటరు అక్కడుండాలి," అని ఛాతీ పట్టీతో వచ్చే నన్ను తీసుకున్నాడు.

"గుండెకి మీటరెట్టిస్తన్నావు బావా. నెలాకరికి బిల్లొస్తాది సూసుకో," అన్నాడు పైడిరాజు. అంటూనే తనకూ అలాంటిదే ఒకటి తీయించాడు. "నువ్వొక్కడివే సూసుకుంటంటే నాకేటి తోస్తాది?"

వరాహమూర్తి గుండె నెమ్మదస్తురాలు. మందులు దాన్ని పట్టి ఉంచేవి. బీచ్ రోడ్డు మీద నూరు, ఎత్తు వస్తే నూట పది. ప్రతి నిమిషానికీ వంగి నన్ను చూసేవాడు. చూడకపోయినా గుండె కొట్టుకుంటుందన్న నమ్మకం ఈ మనుషులకు ఎందుకు పోతుందో నాకు తెలియదు.

దసరాకి ఆయుధ పూజ వచ్చింది. వరాహమూర్తి భార్య నూకరత్నం పీట మీద టెస్టరు, కటింగ్ ప్లేయరు, తమ్ముడి హోటల్ నుంచి తెప్పించిన అట్లకాడ, మా ఇద్దర్నీ, మా పట్టీలనూ పెట్టింది. పట్టీలకెందుకని మొగుడంటే, "గుండెని కాసేది అదే కదా, దానికెట్టకపోతే ఎలాగ?" అని వాటికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. మర్నాడు తుడిచి, ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. రెండు పట్టీలూ నలుపే. ఒకరిది ఒకరికి వెళ్లింది.

ఆ రోజు నుంచి నేను విన్నది పైడిరాజు గుండె, నన్ను చూసింది వరాహమూర్తి.

ఇద్దరూ పక్కపక్కనే తొక్కుతారు కనుక తేడా బయటపడలేదు. పైడిరాజు బాగా వెనకబడితే నా తెర మీద రెండు గీతలు వచ్చేవి. తడి ఆరితే పట్టీకి గుండె అందదు; అదే అయిందనుకుని వరాహమూర్తి నీళ్లు రాసుకునేవాడు.

చదును రోడ్డు మీద నూట నలభై చూసి ఆయన నెమ్మదించాడు. అంకె దిగలేదు. ఇంకా నెమ్మదించాడు. నడకకు వచ్చినవాళ్లు ఆయన్ని దాటి పోసాగారు. నొప్పి లేదు, ఆయాసం లేదు, అంకె మాత్రం ఉంది. ఉద్యోగమంతా మీటర్లు చదివిన మనిషి ఒంటిని కాదని అంకెను నమ్మాడు. ఇంట్లో చెప్పలేదు. పక్కన పైడిరాజు తన తెర చూపించి, "నాది నూరు బావా. గుర్రం గుండె," అనేవాడు.

ఆ ఆదివారం కొండ కింద వరాహమూర్తి అన్నాడు: "పైడీ, ఇదే ఆఖరు. ఒకసారి పైదాకా ఎక్కి వచ్చేద్దాం. తర్వాత ఈ సైకిలు నువ్వే వాడుకో."

"ఏటి మాటలు బావా అవి."

మూడో మలుపు దాకా వచ్చేసరికి నా అంకె చూసి ఆయన ధైర్యం చాలలేదు. దిగి పట్టీ విప్పింది దాన్ని కూడా ఇచ్చేద్దామనే.

అప్పటికే పైడిరాజు రోడ్డు పక్క గోడ మీద చతికిలబడి ఉన్నాడు. తన తెర చూసుకుని, "బావా, నాది గీతలు సూపిస్తంది. నేను పోయానేటి?" అని నవ్వాడు.

వరాహమూర్తి నవ్వలేదు. చేతిలో పట్టీ చూశాడు, నన్ను చూశాడు. నన్ను హ్యాండిల్ నుంచి ఊడదీసి మలుపు అవతలికి నడిచాడు. గీతలు వచ్చాయి. వెనక్కి వచ్చాడు. 151. మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చాడు.

"పైడీ, నీకెలా ఉంది?"

"నాకేటి. గేసు. నెల్రోజుల్నించీ ఉన్నదే."

"కూర్చుని చాలాసేపైంది కదా."

"నీకోసమే కదా కూకున్నాను."

అంకె 156 అయింది.

"లే. కిందకి పోదాం, ఆటోలో."

"మరి సైకిళ్లు?"

"ఉంటాయి. లే."

ఆసుపత్రిలో మంచం పక్కన గోడ మీద మానిటరూ నేనూ ఒకే అంకె చూపించాం. అక్కడి డాక్టరమ్మ నన్ను తీసుకుని పాత లెక్కలు వెనక్కి జరిపి చూసింది.

"ఈ రికార్డు మీదా?"

"మిషను నాదండీ. గుండె మా బావమరిదిది."

"ఎప్పట్నించి?"

"దసరా నుంచి."

గుండె లయ తప్పిందని, ఇలాగే వదిలేస్తే రక్తం గడ్డకట్టి మెదడుకు పోయేదని ఆమె చెప్పింది. నర్సు అతని పట్టీ విప్పి వరాహమూర్తి చేతికిచ్చింది.

తర్వాతది నేను చూసింది కాదు. మధ్యాహ్నం ఆయన జేబులో ఉండి, భార్యకు ఫోన్లో చెబుతుంటే విన్నాను. మందు ఎక్కించారు, తొంభై లోపుకి దిగింది, ఇంకో రెండ్రోజులు ఉంచుతారు, వాడు ఇడ్లీ అడుగుతున్నాడు.

"మరి నీదెంత ఉంది?" అంది నూకరత్నం.

"చూడలేదు," అన్నాడు.

సాయంత్రం కొండ దగ్గరికి వెళ్లి పైడిరాజు సైకిలును ఆటోలో వేయించి పంపాడు. నర్సు ఇచ్చిన పట్టీ తను కట్టుకున్నాడు. ఆటో వెనకే తన సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళ్లాడు. దారిలో నమోదైన గరిష్ఠ అంకె 109.