రెండు చుట్ల ఎత్తు

నేను ఒక తిరుగుడు కత్తిని. పేరు విని గొంతులు కోసేదాన్నేమో అని జడుసుకోకండి. తోలు మీద తీగలూ పువ్వులూ అక్షరాలూ చెక్కేవాళ్ల చేతి పనిముట్టుని. కింద బ్లేడు, దాని పైన బొటనవేలూ నడిమివేలూ పట్టుకునే కడ్డీ, అన్నిటికన్నా పైన చూపుడువేలు ఆనించుకునే వంపు పీట. పీట వేలి కింద కదలకుండా ఉంటుంది, కడ్డీ మాత్రం గిర్రున తిరుగుతుంది. వంపు వచ్చినచోట చెయ్యంతా తిప్పక్కర్లేదు, రెండు వేళ్లతో నన్ను తిప్పితే చాలు.

నన్ను విజయవాడ ఆటోనగర్‌లో జిలానీ అనే లేతు పనివాడు చేశాడు. చేయించుకున్నది ఒంగోలులో సంచులు, బెల్టులు, బైబిలు తొడుగులు కుట్టే దేవదానం. మద్రాసులో పదిరోజుల శిక్షణకి వెళ్లినప్పుడు అక్కడి మాస్టారి చేతిలో ఇలాంటిదే విదేశీ కత్తి ఒకటి చూసి మనసు పారేసుకున్నాడు. ధర విన్నాక పారేసుకున్న మనసుని వెనక్కి తెచ్చుకుని జిలానీ ఎదుట కూర్చున్నాడు.

కత్తి కొనేవాళ్లు ఉక్కు ఏ దేశానిది, మెరుగు ఎన్నాళ్లుంటుంది అని అడుగుతారు. తమ వేలి సంగతి మాత్రం ఎవరూ అడగరు. జిలానీ అలా కాదు. "ఇనుము సంగతి నాకొదిలెయ్ గానీ, ముందు నీ వేలు చూపించన్నా" అన్నాడు. కడ్డీ లావుగా ఉందంటే సన్నం చేశాడు, జారుతుందంటే గరుకు గీతలు పెట్టాడు. చూపుడువేలి కణుపు పీటలో ఆనేట్టు, చిటికెనవేలు కింద తోలు మీద నిలిచేట్టు ఎత్తు కుదిర్చి మర బిగించాడు. దేవదానానివి బెండకాయల్లాంటి పొడుగాటి వేళ్లు. బ్లేడ్లు రెండిచ్చాడు. వెడల్పాటిది తిన్నని గీతలకి, ఏటవాలు అంచున్న సన్నటిది తీగల వంపులకి. "వేరేవాళ్లు పట్టుకుంటే మర వదులు చేసి పీట దించుకోవాల, మర్చిపోమాక" అని కూడా చెప్పాడు. నేను విన్నాను. దేవదానం అప్పటికే బస్సు వేళ చూసుకుంటున్నాడు.

ఆ ఏడు కోత పండగకి నన్ను చర్చిలో బల్ల మీద, కొత్త వడ్లకీ గుమ్మడికాయలకీ మధ్య పెట్టారు. కొత్త పనిముట్టు మీద అయ్యగారి చేత ప్రార్థన చేయించడం ఆ పేటలో ఆచారం. ప్రార్థన అయ్యాక దాని రూపు మార్చకూడదన్నది మాత్రం దేవదానం వాళ్ల నాన్న పెట్టుకున్న నియమం. అరిగిపోయేవి మార్చుకోవచ్చు, సూదైనా దారమైనా బ్లేడైనా. పిడి మార్చకూడదు, మర తిప్పకూడదు. ఇంటికి రాగానే దేవదానం నా మర మీద లక్క కరిగించి ఓ చుక్క పోశాడు. అయ్యగారు దీవించింది నన్నా, నా ఎత్తునా అని ఆయన ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నేనీ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

నాలుగేళ్లు ఇద్దరం హాయిగా బతికాం. తర్వాత సలోమి వచ్చింది. దేవదానం అక్క కూతురు, అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. బొమ్మలు వేయడంలో దిట్ట. కాగితం మీద ఆమె వేసిన ద్రాక్షతీగ చూసి దేవదానం కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. తోలు చెక్కే పని నేర్పమని అడిగింది. ఆమెకి కావలసింది అదొక్కటే.

"చర్చికి నూరేళ్ల పండగొస్తంది. పెద్ద బైబిలికి తొడుగు చెయ్యమన్నారు. మూణ్ణెల్లు నేర్చుకో. ఆ తొడుగు నీ చేత్తో చేసిచ్చావంటే ఇంక ఈ బల్ల నీదే అమ్మాయ్" అన్నాడు. సలోమికి ఆ రాత్రి నిద్ర పట్టలేదని మర్నాడు తనే చెప్పింది.

తంగేడు బెరడుతో పదును చేసిన తోలు తెచ్చి, తడిపి, రంగు మళ్లీ తేలేదాకా ఆరనిచ్చి చెక్కాలి. గీత తోలు మందంలో సగం దాకా దిగాలి, అంతకు మించకూడదు. లోతు కంటికి తెలియదు, వేళ్లకే తెలుస్తుంది. ఇదంతా సలోమి వారంలో పట్టేసింది. లోతు తెలుసుకోవడంలో ఆమె వేళ్లు దేవదానం వేళ్లకన్నా చురుకు, నా మీద ఒట్టు. బ్లేడు ఎంచుకోమంటే ఎవరూ చెప్పకుండానే ఏటవాలుది తీసుకుంది. ద్రాక్షతీగకి అదే సరైనది. ప్రతి పది గీతలకీ ఆగి, పాలిష్ రాసిన తోలుముక్క మీద బ్లేడుని వెనక్కి లాగి మెరుగు పెట్టేది. ఇన్ని చేసినా గీత వణికేది.

ఎందుకు వణకదు? ఆమెవి పొట్టి వేళ్లు. పీట అందుకోవడానికి చూపుడువేలు నిక్కబొడుచుకోవాలి. అప్పుడు చెయ్యంతా పైకి లేస్తుంది, చిటికెనవేలు తోలుకి ఆనదు. ఆధారం లేని చెయ్యి ఎవరిదైనా తడబడుతుంది. పీట రెండు చుట్లు దించితే చాలు. నాకు నోరుంటే ఆ బజారంతా వినబడేట్టు అరిచేదాన్ని.

దేవదానం చెడ్డవాడేం కాదు, ఆయన చేతనైన ప్రయత్నమంతా చేశాడు. బ్లేడు తప్పేమో అని వెడల్పాటిది బిగించాడు. తోలు తప్పేమో అని కొత్త తోలు తెప్పించాడు. బల్ల ఎత్తు తప్పేమో అని ఆమె కుర్చీ కింద ఇటుకలు పెట్టించాడు. ఒకరోజు సలోమే నన్ను వెలుతురుకి పట్టుకుని చూసి, "ఈ పైన మర ఎందుకు మామయ్యా? తిప్పితే పీట కిందికి దిగుద్దా?" అని అడిగింది.

"దాని జోలికి పోమాక. ప్రార్థన చేసిన కత్తి" అన్నాడాయన. ఆమె గోరు అప్పటికే లక్క అంచు మీద ఉంది. గోరు వెనక్కి తీసుకుంది.

అసలు తొడుగు మీద మూడో ఆకు దగ్గర గీత పక్కకి జారింది. తోలు మీద తప్పుకి చెరుపుడు లేదు. దేవదానం ఆ తప్పు గీతని బొటనవేలితో తడిమి చూశాడు. చివరికి మెత్తగానే అన్నాడు: "నీది గీసే చెయ్యే అమ్మాయ్. కోసే చెయ్యి కాదు." తిట్టి ఉంటే ఎదురు తిరిగేదేమో. ప్రేమగా చెప్పేసరికి నమ్మింది. తొడుగు దేవదానమే మళ్లీ చెక్కాడు, సలోమి గీసిన ద్రాక్షతీగ మీదే. పండగనాడు అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. ఆ మెప్పులో నాకూ వాటా దక్కింది, ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సలోమి రెండు బస్సులు మారి వెళ్లాల్సిన ఊళ్లో చెప్పుల కంపెనీలో చేరింది. చెప్పుల అట్టలకి సొల్యూషన్ జిగురు పూసి అంటించే పని. అక్కడే పెళ్లయింది, అక్కడే ఉండిపోయింది.

పద్నాలుగేళ్లు గడిచాయి. దేవదానం చూపుడువేలు కీళ్లవాతంతో వంగిపోయి తిన్నగా సాగడం మానేసింది. పీట అందడం లేదు, గీతలు వణుకుతున్నాయి. నెలరోజులు నన్ను చూస్తూ కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం సూదిమొనతో లక్క గీకి, మర వదులు చేసి, పీటని రెండు చుట్లు దించాడు. గీత తిన్నగా వచ్చింది. ఆయన ముఖం వెలిగింది. తర్వాత తన వంగిన వేలుని చూసుకున్నాడు. వంగి పొట్టిదైపోయిన ఆ వేలు ఎవరి వేలులా ఉందో ఆయనకి అర్థమైంది. ఆ వెలుగు అక్కడే ఆరిపోయింది. తన కోసం నెలకే చెడిపిన నియమాన్ని ఆ పిల్ల కోసం మూణ్ణెల్లైనా చెడపలేకపోయాడు.

మర్నాడే నన్నూ ఒక తోలుముక్కనీ జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. ఆదివారం. సలోమి అప్పుడే చర్చి నుంచి వచ్చింది. "ఏంది మామయ్యా, కబురైనా లేకుండా వచ్చావు" అంటూ కాఫీ పెట్టబోయింది. ఆయన కాఫీ వద్దని నన్ను ఆమె చేతిలో పెట్టాడు. "ఒక్క గీత గియ్యమ్మా. నీ కొలతకి దించి తెచ్చాను" అన్నాడు.

ఆమె కాఫీ గిన్నె పక్కన పెట్టింది. తర్వాత తోలు తడిపి, ఆరనిచ్చి, కింద కూర్చుంది. చూపుడువేలు పీటలో హాయిగా ఒదిగింది, చిటికెనవేలు తోలు మీద ఆనింది. ఆమె నన్ను తన వైపు లాగింది. ఒక ఆకు, ఒక తీగ, తీగ మలుపులో ఒక గుత్తి. ఎక్కడా వణుకు లేదు. నా జన్మలో అంత చక్కని వంపు ఎవరి చేతిలోనూ తిరగలేదు.

ఆమె తోలు చేతిలోకి తీసుకుని కిటికీ వైపు ఎత్తింది. గీత పొడుగునా వెలుతురు కనిపించింది. తోలు అడుగుదాకా తెగిపోయింది.

"గీత తిన్నగానే వచ్చింది మామయ్యా. లోతే తెలియట్లేదు" అంది. తన వేలికొసలు ఆయన ముందు చాపింది. పద్నాలుగేళ్లు సొల్యూషన్‌లో మునిగి ఆ కొసలు మొద్దుబారిపోయాయి. "వేణ్ణీళ్లో చన్నీళ్లో కూడా తెలియదు వీటికి."

దేవదానం ఏడ్చేశాడు. "తప్పు నాదేనమ్మా. నన్ను క్షమించు" అన్నాడు.

"క్షమించకేం చేస్తాను" అంది సలోమి. తోలుముక్క కింద పెట్టి, "నా చెయ్యి పనికిరాదనుకునే ముందు, ఆ కత్తిని ఒక్కసారి అనుమానించాల్సింది మామయ్యా" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని నాకనిపించింది.

ఆయన నన్ను అక్కడే ఉంచమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. నా బ్లేడుని చీర చెంగుతో తుడిచి ఆయన జేబులో పెట్టింది. తర్వాత కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది, ఈసారి ఆయన వద్దనలేకపోయాడు.