వీపు మీది కొవ్వు

చలిగది తలుపు తీసి, అనేజియో రోజూలాగే ముందు ముక్కు తడుముకున్నాడు, ఉందో ఊడిందోనని. రెండు సగాలుగా కోసిన పశువులు పైకప్పు కింది ఇనుప పట్టాలకు బారులుగా వేలాడుతున్నాయి. పెళ్లైనప్పటి నుంచీ వాటిని తోయడమే అతని ఉద్యోగం. భుజాలు తలుపంత, మాట గొళ్లెమంత. దారిమ్మని తప్ప అతన్ని ఎవరూ ఏదీ అడగరు.

ఇవాళ ఆ వరసలో అతని సొంత ఎద్దు కూడా ఉంది. సహకార సంఘం వాళ్ల మాంసం పోటీ. అది మూపురమున్న తెల్ల నెలోరి జాతి ఎద్దు. భార్య లిందౌరా మొక్కజొన్న పెట్టి మేపింది. నెలోరి జాతికి వీపున కొవ్వు పట్టడం గగనం. పొర పలచనైతే రాత్రి చలికి మాంసం నల్లబడి బిగుసుకుంటుంది. నల్లబడిందా, బావమరిది ఎర్మీనియో ఇన్నేళ్లుగా చేస్తున్న వెక్కిరింతలన్నీ నిజమైపోతాయి.

ఎర్మీనియో అప్పటికే లోపలున్నాడు. అతనిది పీపాలా బలిసిన ఎద్దు, కొవ్వు ఇట్టే పట్టే ఆంగస్ జాతి సంకరం.

"ఏం బావా, నీ ఎద్దుకి దుప్పటైనా కప్పావా? వీపు మీద ఏమీ లేదుగా పాపం!"

"కప్పుకునే వచ్చింది."

"మా అక్క నీకే కొవ్వు పట్టించలేకపోయింది, ఇంక ఎద్దుకా!"

మాంసానికి శ్రేణి కట్టే ఇవోనీ మేడం ముందు ఆంగస్‌ను పక్కటెముకల దగ్గర కోయించి, కొలబద్ద ఆనించింది. కొవ్వు హద్దు దాటేసింది. పోటీ కదా అని ఎర్మీనియో మేత రెట్టింపు చేశాడు మరి. గెలుపు ఖాయమని పొట్ట నిమురుకున్నాడు.

"ఈ కొవ్వంతా చెక్కి పారేయాల్సిందే. దీన్ని పోటీలోంచి తీసేయండి."

"అదేంటి మేడం, కొవ్వు ఎక్కువైతే తప్పా?"

"ఇంత కొవ్వు ఎవరు కొంటారయ్యా, నువ్వు తింటావా?"

తరువాత నెలోరి. అనేజియోనే తోసుకొచ్చాడు. మెడ నుంచి తోక దాకా ఎక్కడా తెగని తెల్లటి పొర. కోస్తే దానిమ్మ గింజ ఎరుపు. ఆమె రెండుసార్లు కొలిచింది.

"నెలోరికి ఇంత కొవ్వా! ఎలా పట్టించావు?"

"దూడప్పుడే విత్తులు కొట్టించానండీ. మిగతాదంతా మా ఆవిడ చెయ్యి."

మొదటి బహుమతి! పనివాళ్లు కత్తులతో ఇనుప పట్టాలు వాయించారు. అనేజియో నోరంతా తెరిచి నవ్వాడు. ముందు పన్ను ఒకటి లేదని ఆ గదికి అప్పుడే తెలిసింది. ఎర్మీనియో వచ్చి వాటేసుకున్నాడు.

"సరే బావా, నువ్వే గెలిచావు. ఆదివారం మాంసం కాల్చుకుని తినడం మాత్రం మా ఇంట్లోనే!"

బహుమతిగా మెడలో వేసిన నీలం పట్టీని అనేజియో తీసి, ఎద్దు వేలాడుతున్న కొక్కానికి కట్టాడు. ఉద్యోగంలో అదే అతని ఆఖరి రోజు. వీడ్కోలు ఉపన్యాసాలకు భయపడి ఎవరికీ చెప్పలేదు. ఎద్దును కొక్కెం నుంచి దించి కోతగదికి తీసుకెళ్లారు. అతను ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.

చలిగదిలో ఖాళీ కొక్కానికి నీలం పట్టీ చలికి బిగుసుకుపోయి, జెండాలా నిలబడి ఉంది.